లిఫ్టులో 'నిల్సు' అన్నదెవరు?

దయ్యాల సంగతి ఎవరు ఎత్తినా లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అయినా ఇది రాస్తున్నానంటే, ఆనాడు నా మాట కొట్టిపారేసినవాళ్ళ మీద కోపం ఇంకా చల్లారక.

కాలువ కింద పొలం కొనుక్కుని మా కుటుంబం గుంటూరు వైపు నుంచి బళ్ళారి పక్కనున్న కప్పగల్లు దగ్గరికి వచ్చిన కొత్త. పొలంలో పని లేని రోజుల్లో నేను బళ్ళారిలో ఒక పత్తి గోడౌనుకు వెళ్ళేవాణ్ణి. బేళ్ళు, అంటే బిగించి కట్టిన పత్తి దిమ్మెలు, పైకి చేరవేయడానికి అక్కడ కరెంటు లిఫ్టు పెట్టారు. లిఫ్టంటే ఇటుక గోడల మధ్య లేచే చెక్క బల్ల. దానికి కమ్మీలు లేవు, గంట లేదు. కింద బసప్ప అనే అతను స్విచ్చి చూసేవాడు.

కమ్మీలు పెట్టించమని మేనేజరును అడిగాను. "భయమైతే మెట్లెక్కి మోయప్పా" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తే.

ఒక మధ్యాహ్నం బేళ్ళతో పాటు నేనూ పైకి వెళుతున్నాను. సగంలో ఒక బేలు జారి, ఎదుటి గోడకు తట్టుకుని, నన్ను వెనక గోడకు అదిమింది. చప్పుడు విని బసప్ప లిఫ్టు ఆపాడు. కంగారులో నాకది తెలియలేదు. "ఆపు, ఆపు!" అని అరిచాను. అతనికి అది "హాకు" అని వినిపించింది. కన్నడంలో స్విచ్చి వెయ్యమని. వేశాడు.

బల్ల లేచేకొద్దీ బేలు నా ఛాతీలోకి దిగింది. ఎముక విరగడం లోపలే వినిపించింది. నోరు తెరిచినా గాలి రాలేదు. కిందివాళ్ళకు నేను కనపడను. ఇక ఇక్కడే పోతాననుకున్నాను.

అప్పుడు నా మెడ వెనక, ఇటుకలకు ఆనిన చోట, వెచ్చగా ఊపిరి తగిలింది.

"నిల్సప్పా, నిల్సు!"

బల్ల ఆగింది. నిల్సు అంటే ఆపమని. ఆ మాట అప్పటికి నాకు తెలియదు.

ఛాతీకి కట్టుతోనే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కమ్మీలు లేకే ఇలా జరిగిందన్నాను.

"నువ్వు హాకు అంటివి, బసప్ప హాకినాడు. తప్పు ఎవరిదప్పా?"

"నేను ఆపు అన్నాను."

బసప్ప అడ్డొచ్చాడు. "మళ్ళ నిల్సు అని నువ్వే గదప్పా అరిస్తివి! లేకుంటే నాకెట్ల తెలుస్తాది?"

"అంత అరిచే ఊపిరి ఉండాదంటే, బేలు నిన్నేం ఒత్తినట్లు?" అన్నాడు మేనేజరు.

అరిచింది నేను కాదన్నాను.

"ఇంకెవరప్పా? లోపల ఇంకో హమాలీని దాచిపెట్టుకుంటివా యేంది?"

మళ్ళీ నవ్వులు. అక్కడ రెండోసారి ఇరుక్కున్నాను. నా గొంతే అంటే నాకేమీ కానట్టు. ఇంకొకరిదంటే నా ఫిర్యాదంతా దయ్యం కథ. అయినా మాట మార్చలేదు. పనిలోంచి తీసేశారు. కమ్మీలు పెట్టలేదు.

నా మెడకూ గోడకూ మధ్య వేలు దూరని ఆ సందులో ఎవరున్నారో ఈనాటికీ చెప్పలేను. నేను కాదని మాత్రం ఎవరి ముందైనా చెబుతాను.