కరెంటు పోతే వినిపించే మేళం

మీ ఇంట్లో పెద్దావిడ ఒకరు, వీధిలో ఏ చప్పుడూ లేని వేళ, "మేళం వాయిస్తా ఉండారు, వినపడలేదా?" అని అడిగితే మీరేం చేస్తారు? నవ్వుతారా? తాయెత్తు కడతారా? లేక నాలాగా ఆమెను దేవతను చేసి కూర్చోబెడతారా? ముందు మీలో మీరు జవాబు చెప్పుకోండి. తర్వాత చదవండి.

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం ఉదయం నగరి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి, "బావా, అమ్మ లేదు" అన్నాడు. నేను వెళ్లేసరికి వీధి వీధంతా మరమగ్గాలు ఆపేసి ఉన్నారు. కరెంటు ఉండగా పగటిపూట ఆ వీధిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను.

నేను చదివింది ఏడో తరగతి. భజనల్లో చదివి చెప్పే భక్తి గ్రంథం మాత్రం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఎర్రగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకునే తిరుగుతాను. శనివారాలు నగరిలో అత్త వాళ్ల భజన మందిరంలో మైకు దొరికితే గంటన్నర దాకా ఆగను. అత్త ఎప్పుడూ ముందు వరసలో, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చునేది. నేను గ్రంథం ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెడితే చాలు, అందరి ముందూ అరిచేది:

"పుస్తకం దించు అల్లుడా!"

జనం నవ్వేవాళ్లు. నేను మాత్రం దాన్నే ఉపదేశం చేసేశాను. "విన్నారా! కాగితం చూసి కాదు, గుండెలోంచి చెప్పమంటోంది మా అత్త!" అని ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నానో లెక్కలేదు.

ఆమె పదహారో ఏట మగ్గాల షెడ్డులో అడుగుపెట్టింది. ఆ రొదలో మాట వినపడదు. అక్కడ అందరూ పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు; ఇంటికొచ్చినా అదే అలవాటు. మా అత్తయితే షెడ్డు ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న వియ్యపురాలితో గొంతు లేవకుండానే పోట్లాడగలదు. చీరలో ఒక్క పోగు తెగినా మొదట ఆమె కంటికే తెలిసేది. వెంటనే మగ్గం ఆపి ముడి వేసేది. "తెగిన పోగు దాస్తే గుడ్డ పొడుగునా కనిపిస్తాది" అనేది. పక్క మగ్గం వాళ్ల తప్పును కూడా ఆమె దాచనిచ్చేది కాదు.

మేళం సంగతి బయటపడింది ఒక ఎండాకాలం. కరెంటు కోత. మగ్గాలు ఆగాయి. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉన్నాం.

"ఎవురింట్లో అల్లుడా పెండ్లి? సన్నాయి వాయిస్తా ఉండారు."

చెవులు రిక్కించాను. ఏమీ లేదు. మామూలు చెవికి అందని నాదం ఒకటుందని గ్రంథం చెప్తోంది కదా! అది మా ఇంటికే దిగివచ్చింది కదా! ఆ శనివారమే మైకులో ప్రకటించేశాను, మా అత్తకు దైవనాదం వినిపిస్తోందని.

వారం తిరక్కుండా ఆమె గుమ్మం ముందు టెంకాయలు, పూలు. పసిపిల్లల్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకోబెట్టారు. కాళ్లు లోపలికి ముడుచుకుంటూ ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వీధి చివర ఇంకో మాట పుట్టింది, "ముసల్దానికి పిచ్చి పట్టుండాది" అని. షెడ్డు యజమాని కూడా కొన్నాళ్లు పనికి రావద్దన్నాడు. దేవతైనా, పిచ్చిదైనా ఆమెకు మగ్గం మాత్రం దూరమయ్యేలా ఉంది. మగ్గం లేకుండా మా అత్త బతకలేదు.

ఒకరోజు నన్ను పిలిపించింది.

"నాకు వినపడేది దేవుడు గాదు అల్లుడా. నేను కనిపెట్టి సూస్తానే ఉండాను. మగ్గాలాడేటప్పుడు పాట ఉండదు. కరెంటు పోతే వస్తాది. కరెంటోళ్లని అడిగి వస్తాడా మీ దేవుడు?"

"అట్ల అనగూడదు అత్తా."

"అదీ ఒకే పాట. సగం దాకా పోయి మళ్లా మొదలుకొస్తాది. అంత పెద్ద దేవుడికి అరపాటేనా వచ్చేది?"

నేను ఎర్రగుడ్డ విప్పబోయాను. "దాన్ని ఆడ పెట్టి, నన్ను చెవుల డాక్టరు దగ్గిరికి పిల్చకపో" అంది.

తిరుపతిలో డాక్టరు చిన్నవాడు. ఎదురుగా కూర్చుని ఏవో అడిగాడు. అత్త టకటకా జవాబులు చెప్పింది. తర్వాత ఆయన ఒక కాగితం నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. అత్త పలకలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అత్త మెడ పక్కకు వంచి చూసింది.

"కాయితం దించు సారూ!"

నా చంకలోని గ్రంథం ఒళ్లోకి జారింది. ఎన్ని శనివారాలు! గుండెలోంచి చెప్పమని ఆమె ఎన్నడూ అడగలేదు. పెదాలు కనపడనిమ్మని అడిగింది. పెదాలతో మాట్లాడుకునే ఇంట్లో, పెదాలతో మాట్లాడుకునే షెడ్డులో, ఆమెకు చెవులు పోతున్నాయని ఎవరికీ తెలియలేదు.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. వినికిడి తగ్గినప్పుడు బయటి చప్పుడు మెదడుకు అందదట. మెదడు ఊరకుండలేక తాను దాచుకున్న పాత పాటను తీసి తనకు తానే వినిపించుకుంటుందట. చుట్టూ సద్దు లేకపోతే మరీ ఎక్కువట. ఇది పిచ్చి కాదన్నాడు. అయితే ఒక్కోసారి వాడే మందుల వల్లో, జ్వరం వల్లో, నరాల జబ్బు వల్లో, మనసు జబ్బు వల్లో కూడా ఇలా వినిపించవచ్చు, అందుకే చూపించుకోవాలి అన్నాడు. అవన్నీ పరీక్షించి, ఆమెది చెవి లోపమేనని తేల్చి, చెవికి పెట్టుకునే మిషను రాశాడు.

తిరుగు బస్సులో అత్త నా మోచేయి పొడిచింది.

"ఈ వారం మైకులో సెప్పు."

"ఏమని అత్తా?"

"నువ్వు సెప్పింది తప్పని."

"ఇంక నా మాట ఎవురింటారు?"

"యాడ తెగిందో ఆడే ముడెయ్యాల."

చెప్పాను. నా జన్మలో అంత చిన్న ప్రసంగం చేయలేదు. కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. సిగ్గుతో గ్రంథం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"దించు అల్లుడా," అంది ముందు వరస. "బాగానే సెప్తా ఉండావు."

సోమవారం షెడ్డు యజమానే కబురు పెడితే ఆమె మళ్లీ మగ్గం మీదికి వెళ్లింది. గ్రంథం మీద నా నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు. తప్పు నా తొందరది. మిషను పెట్టాక మేళం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇంకా వస్తోందా అని ఒకసారి అడిగితే, "అప్పుడప్పుడు వస్తాది. నీ భజనోళ్లకంటే శ్రుతి నయంలే" అని నవ్వింది.

మొన్న శనివారం మందిరంలో ముందు వరస చాప మీద ఆమె చోటు ఎవరూ తీసుకోలేదు. గ్రంథాన్ని తీసుకెళ్లి ఆ చోటులో పెట్టాను. ఖాళీ చేతులతో, అందరికీ ముఖం కనపడేలా నిలబడి మాట్లాడాను.

మీకూ చెప్తున్నాను. మీ ఇంట్లో ఏ మూలనో ఒకరు లేని పాట వింటూ, మీరు నవ్వుతారని నోరు మూసుకుని ఉన్నారేమో! ఈ కాగితం దించండి. వెళ్లి వాళ్లకు ఎదురుగా కూర్చోండి. "నీకేం వినపడుతోంది?" అని పెదాలు కనపడేలా అడగండి. చెప్పింది చివరిదాకా వినండి. విని, చెవుల డాక్టరు దగ్గరికి బయలుదేరదీయండి. రేపు కాదు. ఈ పూటే. లేవండి!