దయ్యం పిల్లకు నేనిచ్చిన ఏడుపు

2024 ఎండాకాలం. కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో ఒక పాత బిల్డింగు రెండో అంతస్తు, పళ్ళ డాక్టరు క్లినిక్ పక్కన చిన్న రికార్డింగ్ స్టూడియో. నా పని డబ్బింగ్. విజయవాడలో మొదలుపెట్టాను, మా ఆయన ఉద్యోగం వెంట కువైట్ వచ్చాక కూడా వదల్లేదు. డైరెక్టరు హైదరాబాదులో కూర్చుని ఆన్‌లైన్లో వింటాడు, నేనిక్కడ మైకు ముందు నిలబడతాను. డబ్బింగ్ అనగానే "అబ్బో, హీరోయిన్‌కా?" అంటారు అందరూ. హీరోయినా నా బొందా! పక్కింటి పిన్ని, స్కూలు టీచరు, మొదటి సీన్లోనే చచ్చిపోయే నర్సు. నాకొచ్చేవి అవీ.

అప్పుడొచ్చింది ఒక యానిమేషన్ సినిమా. పిల్లలు జడుసుకుంటూనే ఎగబడి ఆడే దయ్యాల వీడియో గేమ్ ఒకటుంది, భాగాలు భాగాలుగా వచ్చింది. దాన్నే సినిమా చేశారు. మూతపడిన ఆసుపత్రిలో తల్లి కోసం వెతుక్కునే దయ్యం పిల్ల కథ. ఆ పిల్ల వేషం నాదే అన్నారు. సంబరపడి స్క్రిప్టు తెరిస్తే ఒక్క డైలాగూ లేదు, అన్నీ ఎఫర్ట్సే. అంటే మాటలు కాని శబ్దాలు: రొప్పడం, మూలగడం, కేకలు, ఏడుపు. వినడానికి తేలిగ్గా ఉంటాయి గానీ చేస్తే గొంతు చీరుకుపోతుంది.

మొదటి రోజు ఏడ్చి ఏడ్చి అలిసిపోయాను. డైరెక్టరు మాత్రం, "బాగుంది మేడం, కానీ సీరియల్ ఏడుపులా ఉంది. భయమూ వేయట్లేదు, జాలీ వేయట్లేదు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ అనుభవం పెట్టుకుని ఒక ఏడుపు ఏడవలేనా అని ఇంటికొచ్చి కూడా అదే ధ్యాస.

ఆ శుక్రవారం ఓబులమ్మ వచ్చింది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది, సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో పని. మేమిద్దరం ఒకే విమానంలో వచ్చాం. అప్పటి నుంచీ సెలవు దొరికిన శుక్రవారం మా ఇంటికొచ్చి, ఇంత రాగిసంగటి కెలికి, తను తిని మాకూ పెట్టి పోయేది. ఆ రోజు వస్తూనే వంటింట్లో కూలబడింది. వాళ్ళమ్మ పోయిందట. ఊరికి పంపమని మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, అడిగితే, "ఈద్ పండక్కి చుట్టాలొస్తారు, నువ్వు లేకపోతే ఎలా? బాదేన్, బాదేన్" అందట. తర్వాత చూద్దామని. శవం ఎంతసేపుంటుంది తర్వాత చూడటానికి?

"నేనొక్కదాన్నేనక్కా ఆడబిడ్డ. మాయమ్మ మీద పడి ఏడ్చేదానికి ఇంగెవురున్నారు?" అంది. అని, మా గ్యాస్ బండ పక్కనే కూర్చుని, వాళ్ళ ఊళ్ళో ఏడ్చినట్టు రాగం తీసి ఏడ్చింది.

"మాయమ్మా... యాడికి పోతివమ్మా... నీ ఆడబిడ్డ రాకనే పోతివా అమ్మా..."

నేను ఆమెను పట్టుకున్నాను. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, అది అబద్ధం కాదు. కానీ సిగ్గు విడిచి చెబుతున్నాను, నా చెవులు మాత్రం పనిలో ఉన్నాయి. 'అమ్మా' దగ్గర గొంతు ఎలా రెండుగా విరుగుతోందో, చివర్లో ఊపిరి బయటికి వదలకుండా ఎలా లోపలికి మింగుతోందో, అన్నీ పట్టుకున్నాను.

తర్వాతి సెషన్లో మైకు ముందు అదే ఏడ్చాను. రాగంతో సహా, మాటలతో సహా. "మేడం, ఒళ్ళు జలదరించింది. మాటలు కూడా ఉంచేద్దాం. ఎక్కడ పట్టారిది?" అన్నాడు డైరెక్టరు. "ఏదోలెండి, అలా వచ్చేసింది" అని నవ్వాను. చూశారా, నవ్వాను కూడా.

చలికాలంలో సినిమా ఓటీటీలో వచ్చింది. శుక్రవారం సాయంత్రం రెండు కుటుంబాలను పిలిచి హాల్లో సినిమా పెట్టాను. ఓబులమ్మ వంటింట్లో, వద్దన్నా వినకుండా, పకోడీలు వేస్తోంది. దయ్యం పిల్ల ఏడుపు రాగానే పిల్లలు అమ్మల ఒళ్ళోకి దూరారు. అయిపోయాక మా స్నేహితురాలి కూతురు, "ఆంటీ, నిజంగా మీరేనా? ఒక్కసారి చేయండి ప్లీజ్!" అని గొడవ. బతిమాలించుకోవడం మనకు చేతనైతే గదా! లేచి నిలబడి చేశాను. "నీ ఆడబిడ్డ రాకనే పోతివా అమ్మా..." పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దాళ్ళు చప్పట్లు కొట్టారు. చూస్తే వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెం పట్టుకుని ఓబులమ్మ.

అందరూ వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. నేల చీలితే దిగిపోదామన్నంత సిగ్గుగా ఉంది.

"అది నేనేడ్చింది గదా అక్కా?" అంది తనే.

అవునన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దాన్ని నా ఫోన్లోకి ఏసిస్తావా? మా వదినె ఇంగా అంటానే ఉంది. తల్లి సచ్చిపోతే కూతురు కంట నీళ్ళు గూడా పెట్టలేదంట. నేనేడ్చింది ఊర్లో ఎవురిన్నారు? విన్నింది నువ్వొక్కదానివే."

"అది నా గొంతు ఓబులమ్మా. పైగా దయ్యంలా ఉండాలని కంప్యూటర్లో మార్చారు" అన్నాను. అని ఊరుకోవచ్చుగా! "కావాలంటే నువ్విప్పుడు ఏడువు, నేను రికార్డు చేసిస్తాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

పాపం, ఆమె నిజంగానే ప్రయత్నించింది. గట్టు పట్టుకుని నిలబడి, "మాయమ్మా" అని ఆగిపోయింది. తల అడ్డంగా ఊపింది.

"నాకు రాదక్కా. నీకైతే అడిగినప్పుడల్లా వస్తాది."

వెటకారం లేదు అందులో. ఉన్న మాట అంది, అంతే. నాకు మాత్రం చెంప చెళ్ళుమంది.

"మీ వదినెకు ఫోను కలుపు" అన్నాను. కలిపింది. నేను ఫలానా అని చెప్పి, "ఆ రోజు ఓబులమ్మ మా ఇంట్లోనే ఉందండీ. నేను చూశాను" అన్నాను. అవతల నుంచి ఆవిడ అనుమానంగా, "ఎట్ల ఏడ్చిందమ్మా?" అని అడిగింది.

ఎలా ఏడ్చిందో నాకంటే బాగా చేసి చూపించగలిగేవాళ్ళు లేరు. గొంతు దాకా వచ్చింది కూడా. పళ్ళు బిగబట్టాను.

"చాలా ఏడ్చిందండీ. నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

"ఫోను దానికియ్యమ్మా" అంది ఆవిడ.

ఇచ్చేసి, వంటింటి తలుపు దగ్గరగా వేసి హాల్లోకొచ్చాను. లోపల ఏడుపు మొదలైంది. మా పనిలో చెవులే ఆస్తి అని కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతుంటాను. అడగకుండా వినకూడనివీ ఉంటాయని నాకు ఆ రోజు దాకా తెలియలేదు. టీవీ సౌండు పెంచుకుని కూర్చున్నాను.