వేలు ఎత్తితేనే

యాప్‌లో బొత్తాం నొక్కడమంటే వేలు ఆనించడం కాదు, ఎత్తడం. ఆనించిన చోటే ఎత్తితేనే నొక్కినట్టు లెక్క. మధ్యలో వేలు పక్కకు జారిందా, అసలేమీ జరగనట్టే. ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు బాగానే ఉంటుంది ఈ ఏర్పాటు.

మాది జాలరిపేట. వేటకెళ్లేవాళ్ల కోసం మా ఆఫీసులో ఆపద బొత్తాం ఉన్న యాప్ తయారుచేస్తున్నామని చెబితే మా బావ, అక్క మొగుడు, పగలబడి నవ్వాడు. “ఏటే మరదలా, నాను మునిగిపోతే నీ ఫోను ఈదుకుంటా వత్తాదేటి?” అన్నాడు. అయినా, నొక్కితే కబురు నా ఫోనుకే వచ్చేలా, తన ఫోనులో పెట్టించుకున్నాడు.

తయారీలో ఉండగానే పడవెక్కి బావ చేత నొక్కించి చూశాను. అల లేచినప్పుడల్లా బొత్తాం మీంచి వేలు జారిపోతోంది. వేలు ఆనగానే కబురు వెళ్లిపోయేలా మారుద్దామని మా సారుతో అన్నాను. “దొంగ కబుర్లు వస్తాయమ్మా, ఆ గోల ఎవరు పడతారు?” అన్నాడు. గొంతు చించుకున్నాను. సముద్రాన్ని బీచిరోడ్డు మీంచి చూసిన మనిషి, వింటేనా! అలాగే విడుదల చేయించాడు.

ఆ వర్షాకాలంలో ఒక సాయంత్రం బావ పడవ తిరగబడింది. ఒడ్డు కనబడేంత దగ్గరలోనే, ఫోను సిగ్నలు ఉన్నచోటే. పడవలో తోడెళ్లిన జతగాడు ఈదుకుంటూ బయటపడ్డాడు. బావ మర్నాడు తేలాడు.

అక్క ఏడుస్తూనే తిట్టిపోసింది. “నొక్కమంటే నొక్కనేదు. పేనం మీదకొచ్చినా బద్దకవే సచ్చినోడికి!”

జతగాడు నన్ను పక్కకు పిలిచాడు. “నొక్కుతానే ఉన్నాడమ్మా. పడవ ఊగిపోతంది, ఏలు జారిపోతంది. బొత్తాం ఎలుగుతంది, ఆరిపోతంది. మల్లీ నొక్కుతన్నాడు. తిరగబడిందాకా నొక్కుతానే ఉన్నాడు.”

ఇంట్లోకొస్తే అక్క ఇంకా బావనే తిడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. చచ్చిపోయినవాడికి ఆ మాట కూడా పడాలా?

“బావ నొక్కాడే అక్కా,” అన్నాను. “సివరిదాకా నొక్కాడు. ఏలు జారిపోయి నాకు కబురు రానేదు.”

అక్క ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.

“అంతసేపూ నువ్వేటి సేత్తన్నావే సెల్లీ?”

అబద్ధం నోటికి రాలేదు.

“మా సారు పుట్టినరోజని ఆఫీసులో కేకు తింటన్నానే,” అన్నాను.