పదహారు బిందెల ఫౌంటెన్

మొన్న పాతబస్తీలో మా పాత ఇల్లు పడగొట్టిన చోటికి వెళ్లి, పోయినవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను: మేడకు పద్దెనిమిది మెట్లు, ఒక జామచెట్టు, రెండు మల్లెపందిళ్లు, నాలుగడుగుల హౌజు. వాకిట్లోని ఆ నీటి తొట్టి నిజానికి ముప్పై ఐదేళ్ల కిందటే పోవలసింది.

ఎండిపోయి ఉన్న దాన్ని పూడ్చి అక్కడ స్కూటర్ పెట్టుకుంటానని నాన్న అన్నప్పుడు నాకు పదిహేడేళ్లు. ఎవరూ నేర్పని లెక్కలు నాకు నేనే వేసుకుని, మేడ మీద డ్రమ్ము పెట్టి రబ్బరు గొట్టం కిందికి దించితే మోటారు లేకుండానే హౌజులో నీళ్లు పది అడుగులు ఎగురుతాయని చెప్పాను. ఆయన నవ్వారు.

"ఆదివారం నా తల దాటి ఎగిరితే హౌజు ఉంటది. లేకుంటే మట్టి బండి వస్తది."

నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో ఈ ఆటకు చెంబు నీళ్లు కూడా ఇవ్వనంది అమ్మ. ఎదురింట్లో లక్క గాజులు చేసే, మేం ఖాలా అని పిలిచే పిన్ని మాత్రం తన బోరింగు నుంచి పదహారు బిందెలు అప్పిచ్చి, పెళ్లిళ్లలో పన్నీరు చల్లే పాత గులాబ్‌దాన్ తలను కూడా ఊడదీసి ఇచ్చింది. దాన్ని గొట్టం చివర బిగించి శనివారం నీళ్లు వదిలితే, జానెడు లేచి నీరసంగా వాలిపోయాయి. కాగితం మూడుసార్లు చూసుకున్నాను. ఎత్తు సరే, గొట్టం సరే, ఆ తలకున్న పన్నెండు రంధ్రాలను మాత్రం లెక్కలో వేయనే లేదు.

"గిన్ని నోర్లు పెడితే ఎట్ల లేస్తది బేటా," అంటూ ఖాలా నిప్పుల మీద లక్క కరిగించి తొమ్మిదింటిని మూసేసింది.

ఆదివారం పొద్దున నాన్న పంతానికి హౌజులోనే దిగి నిలబడ్డారు. మూడు ధారలూ ఆయన తల దాటి, తొమ్మిదడుగుల ఎత్తున్న జామకొమ్మను తాకి, తిరిగి ఆయన మీదే పడ్డాయి. తడిసిన చొక్కాతోనే వీధిలోకి వెళ్లి మట్టి బండిని తిప్పి పంపేశారు. నా లెక్కకు అడుగు తగ్గిందన్న సంగతి ఇంట్లో నేను తప్ప ఎవరూ గమనించలేదు.

నల్లా వచ్చిన రోజున ఒక బిందె చొప్పున పదమూడు తీర్చాను. పద్నాలుగోది మోసుకుని వెళ్లేసరికి ఖాలా వాళ్లు మలక్‌పేటకు సామాను ఎక్కిస్తున్నారు.

"ఉండనీ బేటా, నీకు నేను యాదికుంట."

ఇప్పుడు ఆ వీధిలో గుమ్మం గుమ్మానికీ నీళ్ల క్యాన్లు దిగుతున్నాయి, ఒక ఇంటి బిందె ఇంకో ఇంటికి వెళ్లడం మాత్రం ఎక్కడా కనిపించలేదు. నా వైపు ఇంకా మూడు బిందెలు బాకీ.