వాగు రంగు

మా ముత్తాత ఈ ఊరికి పోలీస్ పటేల్. మా తాత శిస్తు వసూళ్ళు చూసే మాలీ పటేల్. మా నాన్న చేతిలో ఉండగానే పటేల్‌గిరీ పోయింది. అయినా ఆయన సంగారెడ్డి కచేరీకి వెళితే గుమాస్తాలు లేచి కుర్చీ వేసేవారు. నేను పెళ్ళిళ్ళకూ ఫ్యాక్టరీలకూ డ్రోన్‌తో వీడియోలు తీస్తాను. పిలిచినవాళ్ళు నన్ను డ్రోనన్న అంటారు.

ముత్తంగి వైపు, వాగు ఒడ్డున, మాకు మిగిలింది ఎకరన్నర పొలం. మూడేళ్ళుగా అక్కడి బోరు నీళ్ళు పెడితే వరినారు మాడిపోతోంది. వాగులోకి మురుగు వదిలే ఫ్యాక్టరీలతో కొట్లాడే ఓపిక నాలో అయిపోయింది. అమ్ముదామనుకున్నాం. కొనేవాడిది దూరపు ఊరు, ముందు వీడియో చూస్తానన్నాడు. ఊళ్ళోవాళ్ళ వేడుకలన్నీ తీసినవాణ్ణి, నా పొలం తీయలేనా అని ఒక మధ్యాహ్నం డ్రోన్ ఎగరేశాను.

బేరం కుదిర్చే మధ్యవర్తి అది చూసి నవ్వాడు.

"ఏంది పటేలా, ఓసారి సున్నం, ఓసారి బొగ్గు! హద్దు రాళ్ళేడున్నయి? గోదాం రేకులు తప్ప ఏం కనబడ్తలేదు."

తప్పు నాదే. విసుగులో కెమెరా సెట్టింగులను ఆటోమేటిక్‌కు వదిలేశాను. పక్క గోదాముల రేకులు కనబడగానే పొలం నల్లబడింది, అవి తప్పుకోగానే తెల్లగా వెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఐఎస్ఓ వందకు దించాను. సెకనుకు ముప్పై ఫ్రేములు కాబట్టి షట్టర్‌ను సెకనులో అరవయ్యో వంతుకు పెట్టాను. వైట్ బ్యాలెన్స్‌ను ఎండకు పెట్టి రంగులు మారకుండా చేశాను. అంత నిదానమైన షట్టర్‌కు వెలుగు ఎక్కువవుతుంది, అందుకని లెన్స్ ముందు నల్లటి ఫిల్టర్ బిగించాను. రిసార్టు పెళ్ళిళ్ళలో ఈతకొలను మీది మెరుపు పోవడానికి కొన్న ఫిల్టర్ అది. డ్రోన్‌ను తక్కువ ఎత్తులో గట్ల వెంబడి మెల్లగా నడిపాను.

ఈసారి ప్రతి గట్టూ, ప్రతి రాయీ కనబడ్డాయి. వాగు కూడా కనబడింది. మొదటి వీడియోలో వెండిలా మెరిసిన నీళ్ళు ఇందులో మరిగిపోయిన చాయ్ రంగులో, అంచుల్లో నురగతో ఉన్నాయి. ఆ రంగు నాకు తెలియంది కాదు, రోజూ చూసేదే. కానీ పైనుంచి చూస్తే అది మా గట్టును ఆ చివర నుంచి ఈ చివర దాకా అంటుకుని ఉంది.

అక్కడి నుంచే వీడియో పంపితే మధ్యవర్తి ఫోన్ చేశాడు. "మస్తు క్లియర్ వచ్చింది పటేలా. గంత క్లియర్ ఎవడడిగిండు? జెర గా నీళ్ళ మీద మెరుపు మళ్ళ తేరాదు?"

"కొనే ఆయన వచ్చినప్పుడు చూడడా?"

"వచ్చేటాల్లకు బయానా పైసలు ఇచ్చి ఉంటడు. ఇగ ఏడికి పోతడు?"

నేను గట్టు మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, మెరుపును ఆపకుండా ఆ ఫిల్టర్‌ను పావు చుట్టు తిప్పి మళ్ళీ ఎగరేశాను. నీళ్ళు మెరిశాయి. పొలం చూడముచ్చటగా ఉంది. ఫోన్లో రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఒకటి పంపితే పొలం పోతుంది, నాకు తెరిపి. ఇంకొకటి పంపితే వచ్చే ఏడు మళ్ళీ మాడిన నారు.

ధర్మం గురించి ఆలోచించానని చెప్పను. రేపు ఆ మనిషి ఈ వాగు ఒడ్డున నిలబడి నన్ను నిలదీస్తే, తల దించుకోవాల్సింది నేను. అది నాకు చేతకాదు.

వాగు రంగు కనబడే వీడియోనే పంపమన్నాను.

"నీ ఇష్టం. పటేల్ల నడుములు వంగుతయా? పంట పండకున్నా బిర్రుగనే ఉంటయి," అన్నాడు మధ్యవర్తి.

కొంటానన్నవాడు మళ్ళీ మాట్లాడలేదు. ఇంకో పంట మాడింది. తర్వాతి ఎండాకాలం ఎకరన్నరనూ బోరు మోటారుతో సహా పక్క గోదాం వాళ్ళకు, లారీలు నిలుపుకోవడానికి, అమ్మేశాం.