గుమ్మం ముందు ఎర్ర చెప్పులు

మలేసియాలో బాగన్ దాతుక్ నుంచి బంటింగ్‌కి మారేటప్పుడు నేను భయపడని విషయమంటూ లేదు. కొత్త ఉద్యోగం, కొత్త రాష్ట్రం, క్లాంగ్ రోడ్డు మీద లారీలు, అద్దె ఇంటి కప్పు, అన్నీ భయమే. మా ఆయనకి కంగారు పుట్టుకతోనే రాలేదు. మా ఇంట్లో ఆ పని కూడా నేనే చేసిపెడతాను. అయితే అన్నిటికీ భయపడ్డాను గానీ ఇంటి తలుపు సంగతి మాత్రం నాకు తట్టలేదు.

వదిలి వచ్చిన పెరాక్ రాష్ట్రంలో మేం ఉండేది ఒక పామాయిలు ఎస్టేటులో. ఆయన ట్రాక్టరు నడిపేవాడు, నేను ఆఫీసులో గుమాస్తాని. పిల్ల పుట్టిన ఏడాదికి, ముప్ఫై ఏళ్ళ వయసులో, నర్సు కావాలన్న పట్టుదల పుట్టుకొచ్చింది నాకు. మూడేళ్ళు ఈపో పట్నంలో హాస్టల్లో ఉండి చదివాను. ఆ మూడేళ్ళూ పిల్లని మా అత్తగారు పెంచారని చెప్పుకుంటాం గానీ, పెంచింది మా లైను మొత్తం. ఒకే వరసలో పన్నెండు ఇళ్ళు. పొద్దు వాలేదాకా తలుపులు తెరిచే ఉంటాయి. ఆకలేసిన పిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లోనే తింటుంది. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపల నేల మీద కూర్చుంటే చాలు, కంచం ముందుకొస్తుంది. ఎవరి పిల్ల ఎక్కడుందో తెలియాలంటే గుమ్మాల ముందు చెప్పులు చూసుకుంటూ పోవడమే. సాయంత్రం తల్లులు అడిగేది ఒక్కటే, ఏటి తిన్నావని.

నాకు క్లాంగ్‌లో ఒక డయాలసిస్ సెంటర్లో పని దొరికింది. ఆయనకి బంటింగ్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు నేను చేరిన తర్వాతి వారం నుంచి రమ్మన్నారు, అందాకా ఇంట్లో పిల్లని ఆయనే చూసుకోవాలి. ఎస్టేటు పని మానేస్తే ఎస్టేటు ఇల్లు కూడా వదిలెయ్యాలి. తాళంచెవులు ఆఫీసులో ఇచ్చేసి వచ్చిన రోజున, ఇక వెనక్కి వెళ్ళడానికి మనకి చోటు లేదని ఆయనతో అన్నాను. ముందుకే కదా ఎల్తున్నాం అన్నాడు ఆయన. అలాంటి మాటలకే నాకు ఒళ్ళు మండుతుంది.

అది నా ఉద్యోగంలో నాలుగో రోజు, మధ్యాహ్నం. నలుగురు రోగుల్ని నేను చూసుకుంటున్నాను. ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలని అక్కడి నియమం. రిసెప్షన్‌లో అమ్మాయి వచ్చి మీ ఇంటి నుంచి ఫోనని పిలిచింది. రిసీవరు తీసుకున్నాను.

"పిల్ల అగుపడ్డం లేదే," అన్నాడు ఆయన. "మన వరసంతా తిరిగినాను."

ఆయన గొంతులో వణుకు వినడం నాకు అదే మొదలు. పది గంటలకి గ్రిల్ తలుపు తీసి, ఎల్లి ఆడుకోమని పిల్లని వదిలాడట. తను వంట చేసుకున్నాడు. పన్నెండైనా పిల్ల రాకపోతే ఎవరింట్లోనో తింటుందిలే అనుకున్నాడు. ఎస్టేటులో అయితే అనుకోవలసింది అదే. ఒంటిగంటకి చెప్పులు వెతుకుదామని వీధిలోకి వచ్చి చూస్తే, వరసలో ప్రతి ఇంటికీ గ్రిల్ మూసి ఉంది, లోపల కుక్క ఉంది.

అప్పుడే నా రెండో కుర్చీలోని పెద్దాయనకి బీపీ పడిపోయింది. ఆయన రక్తం ఇంకా మిషన్ ట్యూబుల్లో తిరుగుతోంది. ఫోను పెట్టేసి వెళ్ళి కుర్చీ వెనక్కి వాల్చాను, కాళ్ళు పైకెత్తాను, సెలైన్ వదిలాను. నా చేతులు తడబడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. మనసంతా మా ఇంటి వెనక మురుగు కాలువ దగ్గరే ఉంది. మొన్నటి వానకి అది నిండుగా పారుతోంది. పెద్దాయన తేరుకుని నా చెయ్యి తట్టేసరికి ఏడుపు ఆగలేదు. సంగతి తెలిసి సీనియర్ నర్సు నా కుర్చీలన్నీ తను తీసుకుని నన్ను పొమ్మంది.

బీరువాలోంచి ఫోను తీసుకున్నాను గానీ తెరిచి చూడలేదు. చూస్తే ఏం తెలుస్తుందోనని భయం. సంచిలో అడుగున పడేసి మోటారు సైకిలెక్కాను. క్లాంగ్ నుంచి బంటింగ్ దాకా పక్కన పోయిన ప్రతి లారీ చక్రాలకేసీ చూశాను. నర్సు కావాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

పిల్ల దొరికినాదని ఆయన ఫోనుకి పంపిన ముక్క ఆ దారంతా నా సంచిలోనే ఉంది.

మా వెనక వీధిలో ఒక్క ఇంటికి మాత్రం తలుపు బార్లా తెరిచి ఉందట. గుమ్మం ముందు చాలా జతలున్నాయి, చివర్లో ఒద్దికగా మా పిల్ల ఎర్ర చెప్పులు. లోపల ఒక మలాయ్ ముసలమ్మ. చాప మీద మా పిల్ల, మూతికి అన్నం మెతుకులతో నిద్రపోతోంది. మీ ఇల్లెక్కడని ఆవిడ అడిగితే పిల్ల తెలుగులో ఏదో చెప్పిందట. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి కనబడాలని ఆవిడ తలుపు తెరిచే ఉంచింది.

పిల్లని చూశాక ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. తలుపెందుకు తీశావని ఆయన మీద విరుచుకుపడ్డాను.

"మూసీసి కూకుంటే మనింటికి ఎవుళ్ళొస్తారు?" అన్నాడు ఆయన.

నేను ఇంకా గట్టిగా అరిచాను. సాయంత్రమే గ్రిల్‌కి తాళం వేయించాను. అప్పటినుంచి రోజూ అన్నం ముందు పిల్లకి పరీక్ష పెట్టేదాన్ని. ఎవరైనా పిలిస్తే? ఎల్లను. అన్నం పెడతానంటే? తినను. వ్యాన్లలో పిల్లల్నెత్తుకుపోయే వాళ్ళ కథలు నేనే కల్పించి చెప్పాను. వారంలో అంతా నేర్చేసుకుంది. ఓ రోజు ఆ ముసలమ్మ మా గ్రిల్ దగ్గరికొచ్చి అరిటాకులో చుట్టిన తీపి అందిస్తే, పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను లోపల్నుంచి చూసి సంతోషించాను కూడా.

కొన్ని నెలలకి నాకు సెలవు దొరికి ఎస్టేటుకి వెళ్ళాం, మా అత్తగారు ఇంకా పాత లైనులో మరిది ఇంట్లోనే ఉంటారు. పక్కింటి అత్త మమ్మల్ని చూసి కంచంలో అన్నం కలుపుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను ఈపోలో ఉండగా మా పిల్ల మొదటి అడుగు వేసింది ఈ అత్త చెయ్యి పట్టుకునే.

"అలా నిలబడిపోనావేటే? లోనికి రా, కూడు తిందుగాని," అంది.

పిల్ల కదల్లేదు. రెండు చేతులతో నా బట్టలు పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"అమ్మా, ఈళ్ళు మనకి తెలుసా?"

నాకు మాత్రమే అనుకుంది, అత్తకీ వినపడింది. ఆవిడ చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. తెలుసమ్మా, ఎల్లు అన్నాను. మళ్ళీ అన్నాను. అయినా అది చెప్పులు విడవలేదు.