నోటరీ అడిగింది నన్ను

హాంబర్గ్‌లో మా ఫ్లాట్ మా ఆయన పేరు మీదే ఉంది. మా మరిది హైదరాబాద్‌లో హోటల్ పెడతానంటే, ఈయన ఆ ఫ్లాట్‌ని బ్యాంకుకు తాకట్టు పెట్టాలనుకున్నారు. మాకున్న ఆస్తల్లా అదే కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం భార్య కూడా ఒప్పుకోవాలి. "ఉత్త ఫార్మాలిటీయే, వచ్చి సంతకం పెట్టు చాలు" అని నన్ను నోటరీ దగ్గరికి తీసుకెళ్లారు.

ఇక్కడ నోటరీ పత్రమంతా పైకి చదివి వినిపించాల్సిందే. అప్పు కట్టకపోతే కేసు వేసి గెలవక్కర్లేకుండానే బ్యాంకు ఇల్లు వేలం వేయించవచ్చన్న చోట ఆవిడ ఆగి, "మీకు అర్థమైందా?" అని నన్ను అడిగింది.

"యా, యా" అన్నారు మా ఆయన.

మళ్లీ నన్నే అడిగింది. మళ్లీ ఆయనే "యా" అన్నారు. పెళ్లిచూపుల్లో మా నాన్న కూడా ఇలాగే నా బదులు తలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అర్థమైంది. నేను ఒప్పుకోను" అన్నాను, జర్మన్‌లోనే.

మెట్లు దిగేటప్పుడు తిడతారనుకున్నాను.

"నీకు జర్మన్ ఇంత బాగా ఎప్పుడొచ్చింది?" అన్నారు.

నేను పసిపిల్లల్ని చూసుకునే కీటా, అంటే ఇక్కడి డేకేర్ దగ్గర రోజూ పొద్దున నన్ను కారులో దింపేది ఆయనే. ఆ పిల్లలతో తెలుగులో మాట్లాడుతున్నాననుకున్నారేమో!